స్కాన్‌లో ఏమీ లేదన్న మాట

విజయవాడ నుంచి మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన వైద్యం చేసేవాళ్ళకి తలదెబ్బ రోజువారీ వ్యవహారం. గేదె అడ్డమొస్తే బ్రేకు వేసి ఎగిరిపడ్డ బండివాడు, మామిడి కోతల్లో కొమ్మ విరిగి కిందపడ్డ కూలీ, బావి మెట్ల మీద కాలు జారిన ముసలమ్మ. వీళ్ళలో ఎక్కువమంది నడిచే వస్తారు. పేరు చెబుతారు, ఊరు చెబుతారు, నుదుటికి నాలుగు కుట్లు వేయించుకుంటారు. ఇంటివాళ్ళు పట్టుబట్టి విజయవాడ తీసుకెళ్ళి సీటీ స్కాన్ తీయిస్తే ఫిల్ములో ఏమీ కనబడదు. "స్కాన్ నార్మల్, ఏమీ లేదు" అనేస్తాం. అందులో మొదటి సగం నిజం. రెండో సగం ఆధారం లేని తీర్పు. రెండు వారాలకి అదే మనిషి తల దిమ్ముగా ఉందనీ, వెలుతురు పడటం లేదనీ, చిల్లర లెక్క తప్పుతోందనీ, అయినదానికీ కానిదానికీ కసురుకుంటున్నాననీ తిరిగొస్తే ఆ రెండో సగమే అతనికి అడ్డుపడుతుంది. డాక్టరు ఏమీ లేదన్నాడుగా అని ఇంట్లోవాళ్ళే నమ్మరు. స్కాన్‌కి అందని ఈ మెదడు కుదుపుని, అంటే కంకషన్‌ని, పట్టుకునేది ప్రశ్న. ఆ ప్రశ్న ఒక్కసారి అడిగితే చాలదు. గత యాభై ఏళ్ళ పరిశోధనని ఈ ఎ.కొండూరు మండలంలో నిలబడి చదివితే నాకు తేలింది ఇంతే.

మొదట కొలబద్ద సంగతి. 1974లో గ్లాస్గో నగరంలో గ్రాహం టీజ్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు కళ్ళు తెరవడం, మాట, కదలిక ఈ మూడింటికీ మార్కులు వేసే పద్ధతి ప్రకటించారు. మొత్తం 3 నుంచి 15 దాకా లెక్క. స్పృహలో లేని రోగి ఎంత లోతుగా మునిగాడో ఒక నర్సు ఇంకో నర్సుకి తేడా లేకుండా చెప్పగలగాలన్నది వారి ఉద్దేశం. ఆ తర్వాత దాన్నే ముక్కలు చేసి 8, అంతకు తక్కువైతే తీవ్రం, 9 నుంచి 12 మధ్యస్థం, 13 నుంచి 15 స్వల్పం అన్నారు. కోమా కొలవడానికి పుట్టిన కొలతతో కోమాలో లేనివాణ్ణి కొలవడం వడ్లు తూచే కాటాతో బంగారం తూచినట్టే. 15కి 15 తెచ్చుకున్న మనిషికి కూడా దెబ్బ తగిలే ముందు తను ఎటు వెళ్తున్నాడో గుర్తుండకపోవచ్చు. స్పృహ తప్పితే అరగంట లోపు, జ్ఞాపకం తెగితే 24 గంటల లోపు అయితే స్వల్ప గాయమే అంటుంది నిర్వచనం. అసలు స్పృహ తప్పనే అక్కర్లేదు, కాసేపు తికమకపడినా చాలు. మన సినిమాల్లో తలకి దెబ్బ తగిలిన హీరో పేరు, పెళ్ళాం, పగ అన్నీ మరిచిపోయి, రెండో దెబ్బతో అన్నీ తెచ్చుకుంటాడు. నిజంగా చెరిగిపోయేది దెబ్బకి అటూ ఇటూ ఉన్న కొద్ది నిమిషాలో గంటలో. పేరు చెప్పగలిగాడు కాబట్టి మెదడుకేం కాలేదనుకోవడంలో ఆ సినిమాల పాలు కొంత ఉంది.

అయితే అందరికీ స్కాన్ తీయిస్తే పోలా, ప్రాణం కంటే ఎక్కువా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2001లో కెనడాలో ఇయన్ స్టీల్ బృందం పది ఆసుపత్రుల్లో 3,121 మందిని పరిశీలించి ఎవరికి స్కాన్ అవసరమో చెప్పే నియమం తయారుచేసింది. ఆ నియమం చెప్పే గుర్తులు ఇవి: దెబ్బ తగిలిన రెండు గంటలకి కూడా మార్కులు 15కి చేరకపోవడం, పుర్రె చిట్లిన అనుమానం, ముక్కులోంచో చెవిలోంచో నీరుకారడం, కళ్ళ చుట్టూ నలుపు తేలడం, రెండుసార్లు వాంతి, 65 నిండిన వయసు, దెబ్బకి ముందటి అరగంటో అంతకన్నా ఎక్కువో గుర్తులేకపోవడం, ప్రమాదకరమైన రీతిలో దెబ్బ తగలడం. ఆ ప్రమాదకరమైన రీతుల్లో ఒకటి మూడడుగులకి మించిన ఎత్తు నుంచి పడటం. మూడడుగులంటే మామిడి చెట్టుకి మొదటి పంగలకొమ్మ కూడా కాదు. కాబట్టి కోతల కాలంలో చెట్టు మీంచి పడి మైకం కమ్మిన కూలీని 'లేచి కూర్చున్నాడుగా' అని ఇంటికి పంపడం తప్పు. ఈ గుర్తులున్నవాళ్ళని 108 ఎక్కించి పంపాల్సిందే, అందులో నాకు వాదనే లేదు. అసలు ఆ నియమం వెతికేది ఆపరేషన్ అవసరమయ్యే నెత్తురుగడ్డని, కనిపెట్టి చూడాల్సిన రక్తస్రావాన్ని. మెదడు తీగలు సాగి దెబ్బతిన్నాయా అన్నది దాని ప్రశ్న కాదు, సీటీకి అది కనబడదు కూడా. 2013లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో సీటీ శుభ్రంగా ఉన్న స్వల్ప గాయం రోగులకి తొలివారాల్లో ఎంఆర్ఐ తీస్తే 27 శాతం మందిలో గాయపు ఆనవాళ్ళు దొరికాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్కానింగ్ మిషన్ ఉండదు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని, అప్పుచేసి విజయవాడ వెళ్ళొచ్చిన కుటుంబానికి ఆ ఫిల్మే చివరి మాట అవుతుంది. నాకు భయం ఖర్చు గురించి కన్నా, అక్కడితో అడగడం ఆగిపోవడం గురించి.

అడగడం కూడా అంత తేలిక కాదు. 1995లో ఆస్ట్రేలియాలో మాడక్స్ అనే పరిశోధకుడు ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం కొన్ని ప్రశ్నలు కూర్చాడు: ఇది ఏ మైదానం, చివరి గోలు ఎవరిది, పోయినవారం ఎవరితో ఆడాం. తేదీ, ఊరు అడగడం కంటే ఇటీవలి సంగతులు అడిగితేనే కంకషన్ బయటపడుతుందని అతని బృందం చూపించింది. ఆ కిటుకు మనం తీసుకోవచ్చు, ప్రశ్నలు మాత్రం మనవి కావాలి. నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే బడి మొహం చూడని రైతుకూలీ దెబ్బ తగలకపోయినా తడబడతాడు. నిన్న ఎవరి చేలోకి పనికెళ్ళావు, పొద్దున ఏం తిన్నావు, బండి వెనక ఎవరు కూర్చున్నారు, ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు అని అడిగితే నిజమైన ఖాళీ దొరుకుతుంది. ఈ మండలంలో లంబాడీ తండాలున్నాయి. ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడని పెద్దావిడని డాక్టరు గబగబా తెలుగులో అడిగితే ఆమె తికమకగా చూస్తుంది. మాట కింద ఒక మార్కు పోతుంది. అది మెదడుది కాదు, భాషది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. అన్ని ప్రశ్నలకీ కూతురే జవాబు చెప్పేస్తుంటే ఆమెకి 15 పడిపోతుంది. తాగి ఉన్నవాడి సంగతీ అంతే. మందువాసన వస్తే మత్తంతా మందుదేనని తేల్చేయడం మన అలవాటు. మందు గంటగంటకీ దిగాలి, దిగకపోతే అది మందు కాదు.

ఇక రక్తపరీక్ష. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి తలదెబ్బకి ఒక రక్తపరీక్షని అనుమతించింది. దెబ్బతిన్న మెదడు కణాల నుంచి రక్తంలోకి చేరే జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే రెండు ప్రొటీన్లని దెబ్బ తగిలిన 12 గంటల లోపు కొలుస్తారు. 1,959 మంది మీద చేసిన అధ్యయనంలో సీటీలో గాయం ఉన్న వందమందిలో దాదాపు 98 మందిని అది పట్టింది. సీటీ శుభ్రంగా ఉన్నవాళ్ళలో మాత్రం వందకి 64 మందిని కూడా అనుమానించింది. అంటే పరీక్ష నెగెటివ్ వస్తే స్కాన్ మానేయవచ్చు, పాజిటివ్ వస్తే తేలేది తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, ఆ పరీక్ష ఒప్పో తప్పో తేల్చడానికి పెట్టుకున్న గీటురాయి మళ్ళీ సీటీనే. నెగెటివ్ అంటే 'స్కాన్ తీసినా ఏమీ కనబడదు' అని. కంకషన్ లేదని కాదు. రేపు ఈ పరీక్ష చవకై మన మండలాలకి వస్తే, కాగితం మీద మళ్ళీ అదే 'ఏమీ లేదు' రాసే ప్రమాదం ఉంది.

ఎ.కొండూరు తండాల పేరు బయట వినబడేది మూత్రపిండాల జబ్బుతో. దానికీ దీనికీ సంబంధం లేదనుకోకూడదు. కిడ్నీలు చెడితే రక్తంలోని ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అలాంటి మనిషికి గుమ్మం తగిలినంత చిన్న దెబ్బకే మెదడు పైపొర కింద నెత్తురు మెల్లగా చేరవచ్చు. యూరియా పెరిగి వచ్చే మగతా, తలదెబ్బ మగతా పైకి ఒకేలా ఉంటాయి. పరిశోధనలో ఉన్న న్యూరోఫిలమెంట్ లైట్ అనే ఇంకో ప్రొటీను తలకి ఏ దెబ్బా తగలకపోయినా కిడ్నీ రోగుల రక్తంలో ఎక్కువగానే కనబడుతుంది. ఎక్కడో ఆరోగ్యవంతుల రక్తంతో గీసిన గీతని ఈ తండాలకి అలాగే అతికించలేం.

గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. యాక్సిడెంటు కేసుల్లో నష్టపరిహారం కోసం తలనొప్పి నటిస్తారు, మనం లక్షణాల జాబితా చదివితే లేనివి కూడా తెచ్చుకుంటారు అని. అందులో నిజం లేకపోలేదు. 2019లో వెలువడిన ట్రాక్-టీబీఐ అనే అధ్యయనం ఫలితాల్లో స్వల్ప గాయం తగిలినవాళ్ళలో 53 శాతం మంది ఏడాది తర్వాత కూడా రోజువారీ జీవితంలో ఇబ్బందులున్నాయన్నారు. తలకి కాక కాళ్ళూ చేతులకి దెబ్బతగిలినవాళ్ళలోనూ 38 శాతం మంది అదే మాట అన్నారు. ఆ 38 నొప్పిది, పోయిన కూలిది, దిగులుది కావచ్చు. మిగిలిన తేడాని నటన అని కొట్టేయలేం, ఎందుకంటే కాలు విరిగినవాడికీ పరిహారం ఆశ ఉంటుంది. వాళ్ళంతా పెద్ద ట్రామా ఆసుపత్రులకి చేరినవాళ్ళు కాబట్టి ఆ అంకెల్ని ప్రతి బొప్పికీ వర్తింపజేయకూడదు, చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. ఆ మాట కూడా రోగికి చెప్పాలి. చీకటి గదిలో పడుకోబెట్టమనే పాత సలహా నిలవలేదు. 2015లో అమెరికాలో పిల్లలూ, యువకుల మీద జరిపిన పరీక్షలో అయిదురోజులు పూర్తి విశ్రాంతి తీసుకున్నవాళ్ళే ఎక్కువ లక్షణాలు చెప్పారు. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, తర్వాత కొద్దికొద్దిగా పనిలోకి దిగమనడమే మేలు.

2025లో 14 దేశాల నిపుణులు స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అనే మూడు పెట్టెల్ని పక్కనపెట్టి రోగి పరిస్థితి, రక్తపరీక్ష, స్కాన్, రోగి నేపథ్యం నాలుగూ కలిపి చూడాలని ప్రతిపాదించారు. మన దగ్గర ఆ నాలుగింటిలో మొదటిదీ చివరిదీ ఇవాళే ఉన్నాయి, ఓపీ చీటీ మీద రాసే ఓపిక ఉంటే. ఎన్ని గంటలకి దెబ్బ తగిలింది, ఎన్ని గంటలకి చూశాం, ఎంతసేపటి సంగతి గుర్తులేదు, ఏ భాషలో అడిగాం, మన దగ్గరకి రాకముందు నొప్పికో నిద్రకో ఊళ్ళో ఏ సూది వేశారు. రెండోసారి అడగడానికి కొత్త ఏర్పాటు కూడా అక్కర్లేదు. కుట్లు విప్పించుకోవడానికి వారానికి రోగే వస్తాడు. కుట్లు తీసి పంపేసే ముందు నిద్ర, తలనొప్పి, చిరాకు, మతిమరుపు గురించి నాలుగు మాటలు అడిగితే చాలు. చిక్కంతా కుట్లు పడనివాళ్ళతో. తల పగలలేదు కాబట్టి టీటీ సూది వేయించుకుని వెళ్ళిపోయిన ఆ మనిషి మళ్ళీ రాడు. అతని పేరు, తండా పేరు ఆశా కార్యకర్త పుస్తకంలోకి ఆ రోజే ఎక్కాలి.