సూది చెబితే నమ్మేయొచ్చా?

కరెంటు పోయినప్పుడు చీకట్లో తడుముకుంటూ అగ్గిపెట్టె వెతుక్కోవడం అందరికీ అనుభవమే. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ చేసే పనీ అదే. చూడదు... తడుముతుంది! అందులో సన్నటి పట్టీ చివర ఓ సూది ఉంటుంది. కొత్తదైతే దాని మొన 10 నానోమీటర్లకు అటూఇటూ. తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటన్నమాట. సూది ఎత్తుపల్లాలను తడుముతుంటే పట్టీ వంగుతుంది. దానిమీద పడి తిరిగొచ్చే లేజర్ కిరణం ఆ కదలికను పట్టేస్తుంది. కంప్యూటర్ బొమ్మ గీసిస్తుంది.

1981లో గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ తయారుచేసిన స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్‌కి విద్యుత్తు ప్రవహించే వస్తువులే కావాలి. ఆ ఇబ్బంది లేకుండా 1986లో బినిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ ఈ యంత్రాన్ని కనిపెట్టారు. దీనికి గాజైనా ప్లాస్టిక్కైనా ఒకటే. ద్రవంలో ఉంచి బతికున్న కణాల్నీ పరిశీలించొచ్చు.

ఖరీదెక్కువ కాబట్టి ల్యాబుకొకటి కొనలేరు. నలుగురూ కలిసి వాడుకుంటారు. మన దేశంలో 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా వేరే సంస్థలోని పరికరాల్నీ బుక్ చేసుకోవచ్చు.

అసలు కథ స్లాట్ దొరికాకే మొదలవుతుంది. మెత్తటి పాలిమర్ పొర మీద సూదిని ఈడిస్తే గీతలు పడతాయి. దానికి పైపైన తడుతూ వెళ్లే ట్యాపింగ్ పద్ధతే మేలు. కణాలకైతే సుతారంగా వంగే మెత్తటి పట్టీ కావాలి. నమూనా పెద్దదీ బరువైనదీ అయితే, దాన్ని కదిలించే యంత్రం కన్నా సూదినే కదిలించే యంత్రాన్ని ఎంచుకోవాలి.

ఓ పీహెచ్‌డీ విద్యార్థిని సంగతే తీసుకోండి. రెండు నెలలు కష్టపడి నమూనా తయారుచేసుకుంది. తెరమీద బొమ్మ చూస్తే ముచ్చటేసింది. గింజలన్నీ త్రికోణాలే, అన్నీ ఒకే వైపు తిరిగి! థీసిస్‌లో పెట్టేయొచ్చనుకుంది. అనుమానమొచ్చిన సీనియర్ నమూనాను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడమన్నాడు. గింజలు నిజంగా అలాగే ఉంటే బొమ్మలో అవీ తిరగాలి. తిరగలేదు! అవి గింజల ఆకారాలు కావు, విరిగిన మొన ముద్రలు. అంతకుముందు వాడినవాళ్లెవరో సూదిని నమూనాకి గుద్దేశారు. లాగ్‌బుక్‌లో మాత్రం రాయలేదు.

మొద్దుబారిన పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాలు రావు కదా! ఇదీ అంతే. పైగా పెన్సిల్ మొద్దుబారితే కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు తమ నమూనా పెట్టేముందు, కొలతలు తెలిసిన గళ్ల పలకను స్కాన్ చేసి సూదిని పరీక్షిస్తారు. తేడా ఉంటే మార్చేస్తారు. సూది ఖరీదు చూసి వెనకాడితే, తప్పు ఫలితాన్ని నమ్మి సాగే ఏళ్ల శ్రమ అంతకన్నా ఖరీదు.

ఉమ్మడి ల్యాబంటే ఉమ్మడి కుటుంబంలో వంటగది లాంటిది. వాడుకున్నవాళ్లు శుభ్రం చేసిపెడితేనే తర్వాతివాళ్లకి వంట సాగుతుంది. 'మొన పోయింది, మార్చండి' అని లాగ్‌బుక్‌లో రాయడానికి అర నిమిషం చాలు. మరొకరి రెండు నెలల కష్టాన్ని కాపాడేది ఆ ఒక్క ముక్కే!