భిన్నము

మేమిద్దరము అన్నదమ్ములము. ఇద్దరమూ ఈ కళాశాలలోనే చదువుకొన్నాము. పెద్దవాడు తెలుగు మాధ్యమము, చిన్నవాడు ఉర్దూ మాధ్యమము. రాత్రివేళ ఒకే దీపము క్రింద లెక్కలు చేసుకొనేటప్పుడు ఒకరము "భిన్నము" అనేవారము, మరొకరము "కసర్" అనేవారము. జవాబు మాత్రము ఒక్కటిగానే వచ్చేది. ఆ మాటను గురించి వార్షిక సంచికకు నాలుగు ముక్కలు వ్రాయవలెనని చాలాకాలముగా మా కోరిక. లెక్క తెలిసియుండి కూడా మేము చేసిన ఒక తప్పు ఈ మాటతో ముడిపడి ఉన్నది. అందువలన ఇన్నాళ్ళూ కలము కదలలేదు.

ముందుగా మాట పుట్టుకను చూద్దాము. సంస్కృతములో "భిద్" అను ధాతువునకు పగులగొట్టుట, చీల్చుట అని అర్థము. దానినుండి పుట్టినదే భిన్నము. భేదము అనునదీ ఆ తల్లి బిడ్డయే. ఉర్దూలోని "కసర్" అరబ్బీ నుండి వచ్చినది. అక్కడ "కసర" అనగా విరిచెను అని అర్థము. ఆంగ్లములోని ఫ్రాక్షన్ అను మాటకు మూలమైన లాటిన్ క్రియకు కూడా విరుచుట అనియే అర్థము. ఎముక విరిగితే వైద్యులు చెప్పే ఫ్రాక్చరు దాని తోబుట్టువు. మూడు భాషలలోనూ ఒకే దృశ్యము నుండి పేరు వచ్చింది. నిండుగా ఉన్నదేదో విరిగినది. చేతికి ఒక ముక్క వచ్చినది. అదియే భిన్నము.

తెలుగులో గీతకు పైనున్న అంకెను లవమనియు, క్రిందనున్న దానిని హారమనియు అంటాము. ప్రాచీన భారతీయ గణితజ్ఞులు అంకెలను ఒకదాని క్రింద ఒకటి వ్రాశారు గాని నడుమ గీత గీయలేదు. ఆ గీతను 12వ శతాబ్దిలో ఉత్తరాఫ్రికాకు చెందిన అరబ్బు గణితజ్ఞులు వాడారు. ఇక ఉర్దూలో హారమును "నసబ్‌నుమా" అంటారు. నసబ్ అనగా వంశము, సంబంధము. నుమా అనగా చూపునది. ఎవరు ఏ ఇంటివారో చెప్పే అంకె అని చిన్నప్పుడు మేము నవ్వుకొనేవారము. అందులో ఎంత సత్యమున్నదో అప్పుడు తెలియలేదు.

తెలుగువారికి ఈ గణితము కొత్త కాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహమును 11వ శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన తెలుగు చేశాడు. చదువురాని వారు కూడా నోటిలెక్కలో భిన్నములనే వాడుకొన్నారు. పావు, అర, ముప్పావు అందరికీ తెలిసినవే. ఎనిమిదవ వంతు పరక. పదహారవ వంతు వీసము. అరువదినాలుగవ వంతు కాణి. కొలతలు పోయినవి గాని మాటలు పోలేదు. "వీసమెత్తు అనుమానము లేదు" అని ఇప్పటికీ అంటున్నాము. రూపాయికి పదహారణాలు ఉన్న రోజులు 1957 ఏప్రిల్ 1తో ముగిసినవి. అయినా "పదహారణాల తెలుగు" మిగిలింది. ఉర్దూలో "సోలహ్ ఆనే సచ్" మిగిలింది. పావలా నాణెము 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ అను మాట మాత్రము నిలిచింది. నూరు రూపాయలకు నెలకు పావలా, అనగా సంవత్సరానికి మూడు రూపాయలు.

ఉర్దూవారికి భిన్నములంటే మరింత మక్కువ. సవా అనగా ఒకటింబావు, డేఢ్ అనగా ఒకటిన్నర, ఢాయీ అనగా రెండున్నర. అతి తెలివి చూపేవానిని "డేఢ్ హోషియార్" అంటారు. నలుగురిలో కలియక వేరుకుంపటి పెట్టుకొనేవాడు "ఇటుకన్నరతో మసీదు కట్టాడు" అంటారు. "కసర్" అను మాటకు లోటు అనే అర్థము కూడా ఉన్నది. మర్యాదలో ఏ లోపమూ చేయలేదనుటకు "కోయీ కసర్ నహీఁ ఛోడీ" అంటారు. వినుటకు దగ్గరగా ఉన్నా మన అంగడిలోని "కొసరు" దీనికి పూర్తిగా ఎదురు. అది తూకము పైన దయతో వేసేది. కసర్ చేరవలసిన చోటికి చేరకుండా మిగిలిపోయినది.

ఇక మా సంగతి. అబ్బా చనిపోయిన నాటికి ఆయన ఆస్తి 200 చదరపు గజాల స్థలములోని ఒక ఇల్లు. అప్పులు లేవు. వారసులము నలుగురము: అమ్మీ, మా ఆపా, మేమిద్దరము. దివ్య ఖురాన్‌లోని నిసా అధ్యాయము 11, 12 వాక్యములలో వారసుల వంతులు భిన్నములుగానే చెప్పబడినవి: సగము, పావు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు, మూడవ వంతు, ఆరవ వంతు. సంతానము ఉన్నందున భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలిన ఎనిమిదింట ఏడు వంతులలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. అనగా ఇంటిని 40 భాగాలు చేస్తే అమ్మీకి 5, మాకు చెరి 14, ఆపాకు 7. గజాలలో చెప్పాలంటే 25, 70, 70, 35. కూడితే సరిగా 200. వీసమెత్తు కసర్ లేదు.

ఈ లెక్కను మేము అబ్బా నలభయ్యవ రోజు రాత్రి చేశాము. మరునాడు ఆపా ముందు పెట్టిన కాగితములో మాత్రము ఆ ఏడు భాగాలు లేవు. తన హక్కును సోదరులకు సంతోషముగా వదులుకొంటున్నట్లు అందులో వ్రాసి ఉన్నది. పెండ్లి ఖర్చు పెట్టాము గదా అని మేము, ఆడపిల్ల పుట్టింటితో పేచీ పెట్టుకోదు గదా అని చుట్టాలు. ఆపా కాగితము చదవనైనా లేదు. "మీ ఇద్దరికంటే ఈ గోడలు ఎక్కువా? ఎక్కడ పెట్టమంటారో చెప్పండి" అని సంతకము చేసింది. ఆ కాగితములో "మేము" అని వ్రాసుకొన్న చోట ఆపా లేదు.

ఇది మా ఇంటి సంగతియే కాదు. హిందూ కుటుంబాలలో ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి తెచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టము ఇచ్చినదానిని ఆచారము చేత వదిలించుకొనే ఇండ్లు అన్ని మతాలలోనూ ఉన్నవి.

పదకొండేండ్లు గడిచినవి. వీధివైపు గదిని అద్దెకిచ్చి ఆ సొమ్ము మేము వాడుకొన్నాము. ఒకనాడు ఆపా వచ్చింది. కూతురి నర్సింగు చదువుకు రుసుము కట్టవలసి ఉన్నది. చాలాసేపు వరండాలో కూర్చుని, లేచే ముందు నెమ్మదిగా, "కొంచెము బదులు ఇవ్వగలరా? ఏడాదిలో తీర్చేస్తాను" అని అడిగింది. తన ఇంటి వరండాలో కూర్చుని తన తమ్ముళ్ళను అప్పు అడిగింది. ఇద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూడలేకపోయాము.

ఆ రాత్రి పాత పుస్తకాలు తీశాము. వారసత్వ లెక్కలలో "ఔల్" అను ఒక పద్ధతి ఉన్నది. స్త్రీ చనిపోయి భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెండ్రు మాత్రమే మిగిలితే భర్తకు సగము, వారిద్దరికీ కలిపి మూడింట రెండు. కూడితే ఆరింట ఏడు. ఉన్న ఆస్తికంటే వంతులు ఎక్కువ! రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలములో దీనికి పరిష్కారము కుదిరింది. ఆస్తిని ఏడు భాగాలు చేసి భర్తకు మూడు, వారికి నాలుగు ఇచ్చారు. తక్కువ పడినప్పుడు అందరూ తమ వంతు మేరకు తగ్గారు, ఒక్కరినే తగ్గించలేదు. మా ఇంట తక్కువ కూడా పడలేదు.

క్రీ.శ. 820 ప్రాంతములో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథము నుండి ఆల్జీబ్రా అను మాట వచ్చింది. ఆ గ్రంథములో పెద్ద భాగము వీలునామాలు, వారసత్వముల లెక్కలే. "జబ్ర్" అనగా విరిగిన ఎముకను మరల కూర్చుట. అదే మాటకు మన ఉర్దూలో బలవంతము అని అర్థము. ఆపా సంతకములో మేము చూపినది ఈ రెండవ జబ్ర్. మొదటిది బాకీ పడింది.

ఆ నెలలోనే రుసుము కట్టాము, బదులుగా కాదు. తరువాత వీధివైపు గది, దాని ముందున్న వేపచెట్టుతో కలిపి 35 గజాలు ఆపా పేర రిజిస్టరు చేయించాము. పత్రము చేతికిచ్చినప్పుడు ఆపా ఏమీ అనలేదు. గదిలోనికి పోయి కిటికీ తెరిచి చూచింది.

విద్యార్థి మిత్రులారా, భిన్నముల లెక్క తప్పితే పరీక్షలో మార్కు పోతుంది. లెక్క సరిగా చేసి జవాబు దాచిపెట్టితే పోయేది వేరు. మాకింకా లెక్క మిగిలి ఉన్నది. 132 నెలల అద్దెలో నలభయ్యింట ఏడు వంతులు ఆపాకు చెందవలెను. "అది వదిలేయండిరా" అన్నది ఆపా. ఆ మాటను మేము ఒకసారి అంగీకరించియున్నాము. ఈసారి అంగీకరించలేదు. నెలనెలా చెల్లిస్తున్నాము, ఇంకను 19 నెలలు ఉన్నవి.