మారుమ్రోగు పెట్టె

మా పాఠశాల కీర్తన బృందమునకు ఒక డిలే పెడల్ ఎన్నుకొని కొనవలసిన భారము ఈ సంవత్సరము మాపై పడెను. సుద్దముక్కతో కాలము గడుపు ఉపాధ్యాయునకు ఇట్టి పని యేల వచ్చెనని చదువరులు నవ్వవచ్చును. నవ్వినను చింత లేదు. ఆ చిన్నపెట్టెను ఎన్నుకొనుటలో మేము నేర్చుకొనిన సంగతులు కొన్ని విద్యార్థులకును వారి తలిదండ్రులకును పనికివచ్చునని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఎలక్ట్రిక్ గిటారు వాయించువాడు పాదముతో నొక్కు చిన్న లోహపు పెట్టెను పెడల్ అందురు. అందులో డిలే అనునది, వాయించిన స్వరమును పట్టియుంచి, కొంచెము ఆలస్యముగా మరల వినిపించును. గండికోటకు విహారయాత్ర వచ్చిన మా విద్యార్థులకు దీనిని బోధపరచుట సులభము. పెన్నానది కొండను చీల్చుకొనిపోయిన ఆ లోయ అంచున నిలిచి పిల్లలు తమ పేళ్లను కేకవేయగా, ఎదుటి కొండ వారి పేళ్లను తిరిగి పలికెను. ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. కేకకును మారుపలుకునకును నడుమ ఒక సెకండు గడచినయెడల ఎదుటి రాయి సుమారు 170 మీటర్ల దూరమున నున్నదని 8వ తరగతి బాలుడైనను లెక్కకట్టగలడు. పెడల్ లోపల కొండయు లేదు, లోయయు లేదు. ఆలస్యము మాత్రము కలదు.

రెండేండ్ల క్రిందట క్రిస్మసు ఆరాధనకై మేము మొదటి డిలేను కొనితెచ్చితిమి. అది డిజిటల్ రకము. చౌకగా దొరకెను. వాయించిన స్వరమును అద్దములోని ప్రతిబింబమువలె స్వచ్ఛముగా మరల పలికెడిది. గిటారు వాయించు బాలుడును మేమును మురిసిపోయి, దాని మీటలన్నింటిని సగమునకు మించి త్రిప్పిపెట్టితిమి. ఒక తీగ మీటినంతనే పది తీగలు పలికినట్లు ఆలయమంతయు నిండిపోయెను. ఆరాధన ముగిసిన పిదప యువకులందరు మెచ్చుకొనిరి. వెనుక చాపపై కూర్చుండిన ఆ బాలుని అవ్వ మాత్రము మెల్లగా మాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, వాయిద్యం బాగుండాది. పాటలో మాటలే నాకు తెలీలేదు" అనెను.

ఆ మాట మమ్ము ఆ రాత్రి నిద్రపోనియ్యలేదు. ఆమె అక్షరము నేర్వలేదు. పులివెందుల చుట్టునున్న చీనీతోటలలో కూలిచేసి బిడ్డలను పెంచినది. కీర్తనల పుస్తకము విప్పి చూచుకొను భాగ్యము ఆమెకు లేదు. అయినను పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మొదలుకొని ఎన్నియో ఆమెకు కంఠపాఠములు. అవి యన్నియు చెవినిబడి నిలిచినవే. ఒకరు చరణము నందించగా తక్కినవారు అందుకొనుట, ఇంటికి పోవు త్రోవలో దానిని మరల పాడుకొనుట; మన పల్లెలలో చదువురాని పెద్దలు పాటలు నేర్చినది ఈ విధముననే. పుస్తకము చూచి పాడువానికి ఒక మాట వినబడకున్నను నష్టము లేదు. దానిని కన్ను తెచ్చియిచ్చును. చెవియే పుస్తకమైనవారికి మాట వినబడకున్న, ఆ పుట చినిగిపోయినట్లే. ఆ క్రిస్మసునాడు మేము ఆమె పుస్తకమును చించితిమి.

కొన్ని నెలలకు ఆ పెడల్ చెడిపోయెను. దోషము మాదే. పెడళ్లలో అధికభాగము 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుచును. వానికి తగిలించు ప్లగ్గునందు సాధారణముగా నడిమిభాగము ఋణధ్రువము, వెలుపలిభాగము ధనధ్రువము. మేము మరియొక వాద్యమునకు చెందిన అడాప్టరును, ధ్రువములు తారుమారై యుండుట చూడక, తగిలించితిమి. కమురువాసన వచ్చెను, అంతటితో సరి. ధనఋణములను గూర్చి తరగతిలో పాఠము చెప్పు మాకు అంతకన్న సిగ్గు వేరొకటి లేదు.

ఈ సంవత్సరము ఆ అవ్వ పాలు అమ్మి కూడబెట్టిన సొమ్ములో కొంత తెచ్చి మా చేతిలో పెట్టెను. "పిల్లోడు దిగులు పడతాండాడు. ఇంకోటి తీసుకోండి అయ్యవారూ. ఈ తూరి మాటలు వినపడేది చూడండి" అనెను. తక్కిన సొమ్ము తలిదండ్రులు చందా వేసికొనిరి. ఇట్టి సొమ్ముతో రెండవమారు పొరబడుటకు మాకు మనసు రాలేదు. కనుక కొనుటకు ముందు చదివితిమి, తెలిసినవారిని అడిగితిమి.

గిటారుకు ఇట్టి ఆలస్యమును మొదట తెచ్చిపెట్టినది అయస్కాంతపు టేపు. నడచుచున్న టేపుపై ఒక హెడ్డు ధ్వనిని వ్రాయును. కొంత దూరమున మరియొక హెడ్డు దానిని చదువును. మొదటిదానినుండి రెండవదానికి టేపు చేరుటకు పట్టు కాలమే ఆలస్యము. టేపు సెకండునకు 19 సెంటీమీటర్లు నడచుచు, హెడ్డుల నడుమ దూరము 5 సెంటీమీటర్లైనచో, ఆలస్యము పావు సెకండునకు కొంచెము మించును. చదివిన ధ్వనిలో కొంతభాగమును మరల వ్రాయు హెడ్డునకు పంపినయెడల మారుమ్రోగు పలుమారులు వినబడును.

1954లో అమెరికాలోని మెంఫిస్ నగరమున శామ్ ఫిలిప్స్ గారు తమ సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాటలకు టేపు యంత్రములతోనే పొట్టి మారుమ్రోగును కూర్చిరి. 1958లో లండనులో చార్లీ వాట్కిన్స్ గారి కాపీక్యాట్, 1959లో అమెరికాలో మైక్ బాటిల్ గారు రూపొందించిన ఎకోప్లెక్స్, 1974లో జపానుదేశపు రోలండు సంస్థవారి ఆర్ఈ-201 స్పేస్ ఎకో వెలువడెను. ఎకోప్లెక్సులో హెడ్డును జరిపి ఆలస్యమును మార్చుదురు. స్పేస్ ఎకోలో మోటారు వేగమును మార్చుదురు. దానిలో చదువు హెడ్డులు మూడు.

వింత యేమనగా, ఈ యంత్రముల లోపములే వీనికి గుణములైనవి. టేపుపై వ్రాసిన ధ్వని మరల మరల వ్రాయబడుకొలది పైస్వరముల పదును తగ్గును. ప్రతి మారుమ్రోగును ముందటిదానికన్న మందముగా, మసకగా వినబడును. టేపు వేగము కొంచెము హెచ్చుతగ్గులగుటచే స్వరము లేశముగా ఊగును. మాటలలోని హల్లులు, ముఖ్యముగా స, చ, త వంటివి, పైస్వరముల బలముననే స్పష్టముగా తెలియును. స్వచ్ఛమైన డిజిటల్ మారుమ్రోగు ఆ స్థానమునందే కూర్చుండి పాటలోని హల్లులను మ్రింగివేయును. టేపు మారుమ్రోగు వెనుకకు తగ్గి వారికి చోటిచ్చును. అవ్వ ఫిర్యాదునకు కారణము ఇచ్చట మాకు దొరకెను.

ఇప్పుడు మాయెదుట మూడు త్రోవలుండెను. పాత టేపు యంత్రమునే కొనుట మొదటిది. దానికి టేపు అరుగును, మార్చవలెను; హెడ్డులను తుడువవలెను; మా యెండకును దుమ్మునకును అది తాళదని విడిచితిమి. రెండవది అనలాగ్ డిలే. 1969లో ఫిలిప్స్ ప్రయోగశాలలో కనుగొనబడిన బకెట్ బ్రిగేడు అను ఉపాయము దీనికి మూలము. నిప్పంటుకొన్నప్పుడు జనులు వరుసగా నిలిచి నీళ్లబిందెలను చేతులు మార్చినట్లు, విద్యుదావేశము ఒక గదినుండి మరియొక గదికి చేరుచు ఆలస్యమగును. ఇదియు మసకగానే పలుకును. మూడవది, టేపు నడకను గణితముచే అనుకరించు డిజిటల్ పెడల్. స్ట్రైమన్ సంస్థవారి ఎల్ కాపిస్తాన్‌లో టేపు వయస్సును, ఊగిసలాటను మార్చు మీటలు వేరుగా కలవు. బాస్ సంస్థవారు 2022లో స్పేస్ ఎకోను అనుకరించి ఆర్ఈ-202ను, దానికన్న చిన్నదియగు ఆర్ఈ-2ను తెచ్చిరి.

ప్రొద్దుటూరులోను కడపలోను ఉన్న వాద్యకారులు దయతో మూడు పెడళ్లను ఎరువిచ్చిరి. ఒకటి స్వచ్ఛమైన డిజిటల్, ఒకటి అనలాగ్, ఒకటి ఆర్ఈ-2. ఒక శనివారము సాయంకాలము అవ్వను ఆలయములో వెనుక చాపపై కూర్చుండబెట్టితిమి. ఆమెకు తెలిసిన కీర్తన పాడినచో పరీక్ష కాదు. వినబడని మాటను జ్ఞాపకమే నింపును. కావున 10వ తరగతి బాలిక యొకతె క్రొత్తగా వ్రాసిన పాటను పాడించి, ఒక్కొక్క పెడలుతో నాలుగేసి క్రొత్త పాదములు వినిపించి, విన్నదానిని తిరిగి చెప్పుమంటిమి. మొదటిదానితో అవ్వ ఒక పాదము చెప్పెను. అనలాగ్ పెడలుతో మూడు. ఆర్ఈ-2తో నాలుగును చెప్పి, "ఇప్పుడు తెలుస్తాంది నాయనా" అని మనుమనివైపు చూచి నవ్వెను.

అంతటితో తీర్పు చెప్పియుండిన మేము మంచి పరీక్షకులము కాకపోయెడివారము. మొదటి పెడలునే మరల తగిలించి, మారుమ్రోగు మోతను సగమునకు తగ్గించి, పునరుక్తులను రెండింటికి కుదించి, మిగిలిన పాదములు పాడించితిమి. అప్పుడు అవ్వ దానితోను మూడు పాదములు చెప్పగలిగెను. అనగా రెండేండ్లనాటి తప్పులో అధికభాగము పెట్టెది కాదు. మీటలు త్రిప్పిన మా చేతులది. అది తెలిసి కొంత సిగ్గుపడితిమి. అయినను ఆర్ఈ-2నే యెన్నుకొంటిమి. పండుగనాడు ఉత్సాహమున బాలుని చేయి మీటపై ఒకింత మించినను, టేపువంటి మారుమ్రోగు అంత హానిచేయదు. తప్పును కొంత సహించు పనిముట్టు నేర్చుకొనువానికి మేలు. ప్రొద్దుటూరులో ఒకరు వాడినదానిని అమ్మగా, చేతిలోని సొమ్మునకు సరిపోయెను.

ఇతర పాఠశాలల బృందములకు ఉపయోగపడునని మా అమరికను చెప్పెదము. పాట నిమిషమునకు 80 దెబ్బలు నడచినయెడల 60,000 మిల్లీసెకండ్లను 80తో భాగించిన ఒక దెబ్బకు 750 వచ్చును. అందులో సగము, అనగా 375 మిల్లీసెకండ్లు, ఆలస్యముగా పెట్టుదుము. అప్పుడు మారుమ్రోగు తాళముతో నడచును. పునరుక్తులు రెండు మూడింటికి మించనియ్యము. పాట మొదలుకాకముందు వాయించు స్వరమునకు కొంచెము హెచ్చింతుము. చరణము అందుకొనినంతనే తగ్గింతుము. స్వరమును బిరుసుచేయు పెడల్ ఉన్నయెడల దానికి తరువాతనే డిలేను పెట్టవలెను. అడాప్టరుపై ధ్రువముల గుర్తును చూడక తగిలించరాదు. ఈ కడపటి మాట మేము వెల చెల్లించి నేర్చుకొనినది.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, స్పష్టములేని వాద్యధ్వనివలన వినువానికి ప్రయోజనము లేదని హెచ్చరించెను. మేము ఆ భాగమును ఎన్నిమార్లో బోధించితిమి. దాని భావము చాపపై కూర్చుండిన ఒక కూలి స్త్రీ చెప్పువరకు మాకు సరిగా పట్టుబడలేదు.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు ముందుముందు మైకుల యెదుట నిలుతురు, యంత్రములు నడుపుదురు, పదిమందికి వినిపించు పనులు చేయుదురు. ముందువరుసవారి మెప్పు మీకు వెంటనే అందును. వెనుకవరుసలో ఉన్నవారికి ఏమి వినబడినదో మీరు లేచిపోయి అడిగిననే తెలియును.

ఈస్టరు ఆరాధనలో ఆ క్రొత్త పాటను మరల పాడిరి. మేము పెడల్ తీగలను చుట్టుచుండగా అవ్వ తక్కిన స్త్రీలతో కూడి వెళ్లిపోవుచుండెను. వాకిలి దాటకముందే ఆమె ఆ పాట మొదటి చరణమును ఎత్తుకొనెను. ప్రక్కనున్నవారు అందుకొనిరి.