వాగ్ధాటిగల వరుడు

దూరదర్శనములో గొంతు చించుకొను క్రికెట్టు వ్యాఖ్యాతల పేరిట మా పెడన పడుచువాండ్రు బూటకపు పెండ్లి ప్రకటనలు వ్రాసి సెల్‌ఫోనులలో పంచుకొనుచున్నారు. "వరుడు ఆరోగ్యవంతుడు, కంఠము విశ్రాంతి యెరుగదు. కన్యక మాటలాడ నక్కరలేదు. ప్రకటనల విరామమున నవ్విన జాలును." చదివి మేమును నవ్వితిమి.

ఇట్టి వరునికి మూలపురుషుని వెదుక దూరము పోనేల? విజయనగర సంస్థానపు రాకుమారుడు విజీ 1936లో భారతజట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్లి, మూడు టెస్టులలో గలిపి 33 పరుగులు చేసెను. ఆ యాత్రలోనే నైటు బిరుదమందెను. మేటి యాటగాడైన లాలా అమరనాథును నడుమనే యింటికి బంపిరి. పిమ్మట రేడియో వ్యాఖ్యాతయయ్యెను. ఆయన తన పులివేటలను వర్ణింపగా, తుపాకి యేల, తమ వ్యాఖ్యానము వినిపించియే చంపితి రనుకొంటినని ఒక యాటగాడనెనట! బిరుదము, సంస్థానము, పులులు: పెండ్లి ప్రకటనకు ఇంతకు మించిన సామగ్రి గలదా?

అయితే స్త్రీ వ్యాఖ్యాతలపై వ్రాసిన వానిలో అరపుల ప్రసక్తియే లేదు. వయస్సు, రంగు, కట్టుబట్ట, ఇవియే. మగవానియందు గొంతును బట్టుకొన్న హాస్యము ఆడుదానియందు దేహమును బట్టుకొనుట యేమి న్యాయము? పైగా 1961లోనే చట్టము నిషేధించిన కట్నమును పరిహాసమున గూడ నొక్కరును విడువలేదు. వరుని కేకకింతయని వెల గట్టిరి.

ఈ మాట తరగతిలో ననగా పదవతరగతి బాలిక యొకతె తానును ఒక ప్రకటన వ్రాసి తెచ్చినది: "వధువు విద్యావతి. కట్న మీయదు. వరునికి నోరు మూయు మీట యుండవలెను. అది వధువు చేత నుండవలెను."