క్లచ్‌లో గాలి తీయడం – నేను చేసిన పొరపాటు

ఈసారి మిరప గురించి కాదు, పత్తి గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. ఇప్పుడు ఊరికి పదిమంది రైతుల దగ్గరన్నా కార్లున్నాయి. ఎక్కువమంది నాలాగే సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లే. నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా తెల్ల బండి మీలో చాలామందికి తెలుసు. ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి. గుంటూరు యార్డుకు శాంపిల్ కాయలు తీసుకెళ్లాలన్నా, మందుకట్టలు తేవాలన్నా, వీధిలో ఎవరికన్నా అర్ధరాత్రి నొప్పులొచ్చినా అదే బండి. ఫిబ్రవరిలో మా వదినకు కంటి ఆపరేషన్ అయితే, ఆమెను తీసుకురావడానికి మా అన్న కొడుకు బండి అడిగాడు. ఇచ్చా. వచ్చేటప్పుడు దారిలో క్లచ్ పెడల్ కిందకి పోయి అక్కడే ఉండిపోయిందట. నొక్కితే పోతుంది గానీ పైకి రాదు. చెప్పు విప్పి కాలివేళ్లతో పెడల్ పైకి లాక్కుంటూ, చివరి ఐదు కిలోమీటర్లు రెండో గేరులోనే తోలుకొచ్చాడు. వెనక సీట్లో వాళ్లమ్మ, కంటికి కట్టుతో.

వాడు వచ్చేసరికి నేను వేపచెట్టు కింద ఉన్నా. అక్కడ నలుగురున్నారు. బండి ఆగీ ఆగకముందే మొదలుపెట్టా. "క్లచ్ మీద కాలు పెట్టి తోలితే ఇట్టాగే అవుద్ది. సొంత బండైతే ఇట్టా తోలతావా?" అన్నా. ఇంకా రెండు మాటలన్నా, అవి ఇక్కడ రాయను. వాడు ఒక్క మాట తిరిగి అనలేదు. తాళంచెవి బానెట్ మీద పెట్టి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి పోయాడు. ఆ తర్వాత పన్నెండు రోజులు మా గడప తొక్కలేదు.

ఇక బండి సంగతి. మారుతి 800 లాంటి వాటిలో క్లచ్‌కి కేబుల్ ఉంటుంది, తెగితే కొత్తది వేసుకుంటే సరి. మా బండికి కేబుల్ లేదు, ఆయిల్. పెడల్ దగ్గర పై సిలిండర్, గేర్‌బాక్స్ పక్కన కింద సిలిండర్, మధ్యలో సన్నపైపు. పెడల్ నొక్కితే పైన ఆయిల్ నెట్టుకుంటుంది, ఆ తోపు కింద ఫోర్క్‌ను కదిలిస్తుంది. ఆయిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పైపులో గాలి చేరిందంటే మన కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు టకటకా కొడితే గేరు పడుతోందంటే గాలి ఉందని అనుమానించాలి. ట్రాక్టరులో డీజిల్ అయిపోతే ఫిల్టర్ బోల్టు వదులు చేసి చేత్తో పంపు కొడుతూ బుడగలు పోయేదాకా గాలి తీస్తాం చూడండి, ఇదీ అదే పని. కాకపోతే దీనికి ఇద్దరు మనుషులు కావాలి.

అప్పుడు వాడితో మాటల్లేవు కాబట్టి రెండో మనిషి మా ఆవిడ. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టడం అదే మొదలు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం స్టాండ్ల మీద నిలబెట్టా. ఒట్టి జాకీ మీద లేపి కిందకి దూరొద్దు, దండం పెట్టి చెబుతున్నా. కింద సిలిండర్‌కు చిన్న నిపిల్ ఉంటుంది, మీద రబ్బరు టోపీ. టోపీ తీసి నిపిల్‌కు ముందు రింగు స్పానర్ తగిలించి, ఆ తర్వాత మనవడి చేపల తొట్టి గాలిపైపు ఎక్కించా. రెండో కొస సీసాలో కొంచెం కొత్త బ్రేక్ ఆయిల్ పోసి అందులో ముంచా. పైపు తెల్లదైతేనే బుడగ కనపడుద్ది.

"నొక్కు" అంటే ఆమె మెల్లగా కింద దాకా నొక్కి అట్టాగే పట్టాలి. నేను నిపిల్ పావు చుట్టు వదులు చేస్తా. బుడగలతో ఆయిల్ వస్తుంది. మళ్లీ బిగించాకే "వదులు" అనాలి, అప్పుడే ఆమె కాలు తియ్యాలి. ఇది తారుమారైతే బయటి గాలిని లోపలికి మనమే పీల్పించినట్టు. మాకు మొదటి నాలుగుసార్లు అదే జరిగింది. నేను కింద నుంచి "వదులు చేస్తున్నా" అంటే ఆమెకు "వదులు" ఒక్కటే వినపడి కాలు తీసేది. నేను అరిచా. "కింద పడుకుని గొణిగితే నాకేం తెలుసు, సరిగ్గా చెప్పు" అని ఆమె అరిచింది. ఆఖరికి మాటలు మార్చాం. నొక్కడానికి "ఒకటి", వదలడానికి "రెండు". అప్పుడు కుదిరింది. మీరూ అంకెలే పెట్టుకోండి.

అంతా చేసినా లాభం లేదు. కాసేపు బాగుండి పెడల్ మళ్లీ కింద అతుక్కుంది. కింద సిలిండర్ విప్పి టౌనుకు తీసుకెళ్లా. స్పేర్ పార్టుల షాపాయన లోపలి వాషర్ తీసి వేళ్లతో నొక్కి చూశాడు. నానిన శనగగింజలాగా ఉబ్బిపోయింది. "ఇందులో నూనె ఎవరు పోశారు?" అన్నాడు. "ఎవరో మెకానిక్ పోసుంటాడు" అన్నా.

ఎవరో కాదు. సంక్రాంతికి ముందు డబ్బాలో ఆయిల్ తగ్గిందని చూసి, ట్రాక్టరు లిఫ్టుకు తెచ్చిన హైడ్రాలిక్ ఆయిల్ మిగిలుంటే నా చేత్తోనే పోశా. క్లచ్ హైడ్రాలిక్ అన్నారు, ఇది హైడ్రాలిక్ ఆయిలే కదా అనుకున్నా. పేరు ఒకటే, సరుకు వేరు. బ్రేక్ ఆయిల్ కోసం చేసిన ఆ రబ్బరుకు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి పాడైపోతుంది. అదీ వెంటనే తెలియదు, మెల్లగా ఉబ్బుతుంది. నేను పోసిన దానికి దెబ్బ తిన్నది వాడి చేతిలో. ఇంకో మాట. మా బండికి క్లచ్ డబ్బా వేరు, బ్రేక్ డబ్బా వేరు. చాలా కార్లకు రెంటికీ ఒకటే డబ్బా. అట్టాంటి బండిలో ఇదే పని చేసుంటే పోయేది బ్రేకు. వెనక సీట్లో వదిన ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు సిలిండర్లు, మధ్య రబ్బరు గొట్టం కొత్తవి తెచ్చా. ఉన్న ఇనుప పైపును కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే రెండుమూడుసార్లు కడిగి బిగించి, మళ్లీ మా ఆవిడను ఎక్కించా. ఒకటి, రెండు. కొత్త సిలిండర్లు కాబట్టి ఎక్కువసేపే పట్టింది. మొదట్లో పెడల్ తనంతట పైకి రాదు, చేత్తో లేపాలి. ఐదారుసార్లకు ఒకసారి పైన డబ్బా చూసి నింపాలి. అది అడుగంటిందంటే మళ్లీ గాలి చేరి పని మొదటికొస్తుంది. డాట్ 3 పొయ్యాలో డాట్ 4 పొయ్యాలో మూత మీదే రాసుంటుంది, చూసి పోయండి. సీల్ తీసి చాలా రోజులుగా పడి ఉన్న డబ్బా వద్దు, ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. సీసాలోకి వచ్చిన ఆయిల్ కూడా మళ్లీ వాడొద్దు. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది. నిపిల్ సన్నది, ట్రాక్టరు బోల్టు బిగించినట్టు బిగిస్తే తెగుతుంది. బుడగలు ఆగి, పెడల్ గట్టిపడి, ఇంజన్ ఆన్‌లో ఉండగా రివర్స్ గేరు కర్రుమనకుండా పడిందంటే పని అయినట్టే.

ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకుని అన్న ఇంటికి పోయా. వాడు గేదెలకు చొప్ప వేస్తున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పా. ఆయిల్ నేనే పోశానని, అనరాని మాటలన్నానని. వాడు చొప్ప వెయ్యడం ఆపలేదు. "నాకు ఆ రోజే తెలుసు బాబాయ్. దారిలో బానెట్ ఎత్తి చూశా. ట్రాక్టరు ఆయిల్ వాసన తెలియదా నాకు?" అన్నాడు.

"మరి చెప్పలేదేంరా?"

"నలుగురిలో నిన్నేమని చెప్పేది?"

నేనేం మాట్లాడలేకపోయా. వదిన లోపల నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది, తాగా. మర్నాడు ఉదయం వేపచెట్టు దగ్గరికి పోయి, ఆ రోజున్న నలుగురిలో ముగ్గురు దొరికితే వాళ్లకీ చెప్పా. నాలుగో ఆయన కూతురి ఊరికి పోయాడు, వచ్చాక చెప్పాలి.

తర్వాతి వారం వదినకు కంటి చెకప్ ఉంటే బండి వాడే తోలాడు. బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, క్లచ్ డబ్బా మీద మార్కర్‌తో ఏదో రాశాడు. వాడు పోయొచ్చాక చూశా. "బ్రేక్ ఆయిల్ మాత్రమే. బాబాయ్ ముట్టుకోకూడదు" అని ఉంది. మా ఆవిడ చదివి పొట్టపట్టుకుని నవ్వింది. చెరపలేదు, ఇప్పటికీ అట్టాగే ఉంది.