కొండగట్టు క్రింద పూలకాడలు

కరీంనగరము నుండి జగిత్యాలకు బోవు త్రోవలో సుమారు 35 కిలోమీటర్ల దూరమున కొండగట్టు కలదు. 2016వ సంవత్సరము వఱకు ఇది కరీంనగరు జిల్లాలోనిది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలోనిది. ఆంజనేయస్వామి దర్శనార్థము మేము భాద్రపద మాసాంతమున నచటి కేగితిమి. గట్టు క్రింది బీళ్లలో తంగేడు పచ్చగా పూచియుండెను. చేలగట్లపై గునుగు తెలుపు, గులాబి వన్నెలతో నిలిచియుండెను. బతుకమ్మకై స్త్రీలు వానిని కోయుచుండిరి.

పూవును అందఱును జూతురు. దానిని మోయు కాడను జూచువారు తక్కువ. ఆకులు వండిన యాహారమును, వేళ్లు పీల్చిన నీటిని పూవునకు చేర్చునది కాడయే. తేనెటీగల కంటబడునట్లు పూవును పైకెత్తునదియు, రేకులు రాలిన పిదప పిందెను మోయునదియు నదియే. మనము నిత్యము కోయు వంకాయ ముచ్చిక యొకప్పుడు పూవుకాడయే గదా!

గునుగు వెన్ను ఒక్క పూవు గాదు; అనేకములగు చిఱుపూల గుంపు. నడిమికాడ పొడుగగుచుండ పూలు క్రిందినుండి పైకి విచ్చును. మేమొక ముదిరిన వెన్ను అడుగుభాగమును అరచేత నలిపి చూచితిమి. కొన యింకను పూచుచుండగనే అడుగున నల్లని మెఱయు గింజలు పండియుండెను. తంగేడు గుత్తిలో క్రిందిపూల కాడలు పొడుగు, పైవాని కాడలు పొట్టి. అందుచే పూలన్నియు ఇంచుమించు ఒక్క మట్టమున నగుపడును. తుమ్మెద వ్రాలి రెక్కల కండరములతో అదరజేయగా పుప్పొడి రాలును. పిదప నా కాడలకే చదునైన కాయలు వ్రేలాడును.

తాంబాళములో బతుకమ్మను పేర్చునప్పుడు గునుగుకాడలను సమముగా కత్తిరించి, కట్టలు కట్టి, కాడలు లోపలికి, పూలు వెలుపలికి నుండునట్లు వరుసలు వేయుదుము. ఆ శిఖరము నిలుచుట కంటికగుపడని కాడలవలననే.

అచట నొక ముసలమ్మ తన మనుమరాలితో, "అన్నీ తెంపకు బిడ్డా, ఇత్తనానికి రెండు ఉండనియ్యి" అనెను. ఆ మాట మిక్కిలి తగినది. తంగేడు పొద, కోసినను మరల చిగుర్చును. గునుగట్లు గాదు, అది ఏటేట గింజనుండి మొలవవలసినదే. కలుపుమందు చల్లిన చేలలో నది నిలువదు. బీళ్లు ఇండ్లస్థలములైన చోట మొలవదు. మిగిలిన గట్లమీదను కాడలన్నియు కోసినచో మఱుసటి యేటికి విత్తెక్కడిది?

కావున సోదరీమణులారా, గునుగు కోయునపుడు అడుగు ముదిరిన వెన్నులను మొక్కకు రెండేసి విడువుడు. లేత వెన్నులే బతుకమ్మకు అందము. ముదిరినవి నేలకు విత్తనము.