ముద్దాయి

మేం కరీంనగర్, ఆదిలాబాద్ కోర్టుల్లో నల్లకోటు వేసుకుని బతుకుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు మమ్మల్ని ‘బాలిస్టర్లు’ అంటారు. లండన్‌లో చదివొచ్చినవాళ్లకు చెందిన ఆ మాట 1961 అడ్వకేట్ల చట్టం తర్వాత మన కోర్టుల్లో హోదాగా మిగల్లేదు. అందరం అడ్వకేట్లమే. అయినా బీడీలు చుట్టి, పంక్చర్లు వేసి పిల్లల్ని లా చదివించిన ఇళ్లల్లో ఆ మాట ఇంకా పోలేదు. మన తరఫున మాట్లాడేటోడు ఒకడున్నాడని చెప్పుకోవడానికి వాళ్లకు దొరికిన మాట అది.

కోర్టు భాష మాకు పరాయిది కాదు. వకీలు, వకాల్తా, వాయిదా, జామీను, హాజరు, నకలు, ఫిర్యాదు - ఇవన్నీ మా ఇళ్ల నుంచి నడిచొచ్చిన మాటలే. నిజాం అదాలతుల్లో నడిచిన ఉర్దూ 1948 తర్వాత పక్కకు పోయింది గానీ ఈ మాటలు మాత్రం తెలుగువాళ్లందరివీ అయ్యాయి. వాటిలో ఒక్క మాట తిరగబడింది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, న్యాయం అడగవచ్చినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఈ తేడాను నిఘంటువులో చూసినవాళ్లు నవ్వుకోవచ్చు. మేం మా వృత్తిలో చూస్తున్నాం. న్యాయం అడగడానికి వచ్చిన మావాడు చూస్తుండగానే బోనులో నిలబడి ఉంటాడు.

ఒక కేసు చెప్తాం. పేర్లు వద్దు. బీడీలు చుట్టే ఒక ఖాలా తన కూతుర్ని కాన్పుకు ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించింది. పసిబిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. ఏమైందో చెప్పినవాళ్లు లేరు. కేసుషీటు నకలు అడిగితే రేపు రమ్మన్నారు. చనిపోయినామె అన్నదమ్ములు గొంతు పెంచి అడిగారు. ఆ తోపులాటలో బల్ల మీది అద్దం పగిలింది. సాయంత్రానికి పోలీసులు ఇంటికొచ్చారు. ఆస్పత్రులు, వైద్య సిబ్బంది మీద దాడులను ఆపడానికి 2008లో వచ్చిన చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా వేయొచ్చు. బెయిలు అడిగి తెచ్చుకోవాల్సిన నేరం. చెల్లె చావు మీద ఫిర్యాదు రాసుకోకముందే అన్నల మీద కేసు నమోదైంది. ‘మీవాళ్లు గుంపుగానే వస్తరు గదా’ అని ఒకాయన మాతోనే అన్నాడు. ఆ ఇంటికి ఎంతమంది మనుషులుంటే అంతమంది వచ్చారు. ఏ ఇంట్లో చావైనా అంతే కదా. అదే పని ఇంకో పేరున్నవాళ్లు చేస్తే బంధువుల ఆందోళన అంటారు.

‘హమే క్యా గునా కరే సాబ్?’ అని ఖాలా మమ్మల్ని అడిగింది. మేమేం తప్పు చేసినం అని.

డాక్టర్ల మీద చెయ్యి ఎత్తడాన్ని మేం సమర్థించం. రాత్రనక పగలనక పనిచేసే డాక్టరుకు రక్షణ ఉండాల్సిందే. మా అభ్యంతరం వేరే. అద్దం పగిలిన ఫిర్యాదు పూట తిరక్కుండా కదిలింది. ప్రాణం పోయిన ఫిర్యాదుకు ఎన్ని మెట్లున్నాయో చూడండి.

మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే హైదరాబాదు పోవాలి. ఉట్నూరు అవతలి గూడెం నుంచో, భైంసా నుంచో, కూలి వదులుకుని పోవాలి. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి, ఫిర్యాదు మీద ఆరు నెలల్లో తేల్చాలి. ఇవి రాతలో ఉన్నాయి. కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే పై బోర్డుకు పోయే హక్కును 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం డాక్టరుకు రాసిచ్చింది. రోగి ఇంటివాళ్లకు రాయలేదు. అంతకుముందు నియమాల్లో వాళ్లకూ ఆ దారి ఉండేది. హిందువైనా, గోండైనా, ముస్లిమైనా పేదవాడికి ఇక్కడ ఒకటే గతి. ఆ మాట మేం దాచం. కానీ మావాడు ఆ మెట్లు ఎక్కడానికి ముందు తాను గొడవ చేయడానికి రాలేదని కూడా రుజువు చేసుకోవాలి.

ఇక క్రిమినల్ కోర్టు సంగతి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు మంచి మాట చెప్పింది. నిర్లక్ష్యం ఆరోపణ మీద డాక్టరును మామూలుగా అరెస్టు చేయొద్దనీ, ముందు ఆ విద్య తెలిసిన మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది. మనిషి పేరుకు మచ్చ పడితే అది మళ్లీ పోదని కోర్టుకు తెలుసు. ఆ తీర్పును మేం గౌరవిస్తాం. డాక్టర్ల తరఫున నిలబడ్డప్పుడు మేమూ దాన్నే చదివి వినిపించాం.

అదే జాగ్రత్త మా పిల్లలకు ఎందుకు దొరకదన్నదే మా ప్రశ్న. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకు పోయినవాళ్లు. ఆ తర్వాత పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. తమను చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే 2013లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. ఇలాంటి కేసులు తీసుకోవద్దని కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లే తీర్మానాలు చేశాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వకీలు దొరకడం కూడా తీర్పు మీద ఆధారపడాల్సిన రోజులు చూశాం.

సరే, డాక్టరైతే రక్షణ ఉంటుందా? 2017 ఆగస్టులో గోరఖ్‌పూర్ ఆస్పత్రికి ఆక్సిజన్ సరఫరా ఆగిన రోజుల్లో పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. సిలిండర్ల కోసం పరుగులు పెట్టిన డాక్టర్ కఫీల్ ఖాన్‌ను సస్పెండ్ చేశారు, సెప్టెంబరులో జైల్లో పెట్టారు. ఆయనకు బెయిలు వచ్చింది 2018 ఏప్రిల్‌లో. తెల్లకోటుకు కోర్టు ఇచ్చిన రక్షణ ఆయన దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

రోగికి కూడా పేరే ముందు. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన పది మంది మత ప్రచారకులకు కరోనా ఉన్నట్టు తేలింది. వాళ్లు రోగులు. కొన్ని రోజుల్లోనే ఆ జబ్బుకు మతం అంటగట్టారు. ఏళ్లుగా మా దగ్గర కూరగాయలు కొన్నవాళ్లు బండి చూసి పక్కకు తప్పుకున్నారు. తబ్లీగీ జమాత్‌కు పోయినవాళ్ల మీద దేశమంతా కేసులు పడ్డాయి. వాళ్లను బలిపశువుల్ని చేసినట్టుందని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టులో అంటూ కేసులు కొట్టేసింది. ఢిల్లీలో 70 మంది మీది కేసులు తేలడానికి 2025 జులై దాకా పట్టింది. జబ్బు పద్నాలుగు రోజుల్లో పోయింది. కేసు ఐదేళ్లు ఉంది.

ఇది మన దేశం రోగమే కాదు. బ్రిటన్‌లో బారిస్టర్లు క్రిమినల్ కోర్టులోనూ, డాక్టర్ల ట్రిబ్యునల్ ముందూ వాదిస్తారు. అక్కడ నైజీరియా మూలాలున్న, హిజాబ్ కట్టుకునే డాక్టర్ హదీజా బావాగర్బాకు ఒక పిల్లవాడి మరణంలో 2015లో శిక్ష పడింది. 2018 జనవరిలో రిజిస్టరు నుంచి పేరు కొట్టేశారు. ఆస్పత్రిలోని లోపాలనూ చూడాలని డాక్టర్లు కదిలారు. ఆగస్టులో అప్పీలు కోర్టు ఆమె పేరు తిరిగి చేర్చింది. ఆ మరుసటి ఏడు అక్కడి మెడికల్ కౌన్సిలే చేయించిన అధ్యయనం, మైనారిటీ జాతుల డాక్టర్ల మీద యాజమాన్యాల ఫిర్యాదులు తెల్లవాళ్ల కంటే రెట్టింపుకు మించి వస్తున్నాయని ఒప్పుకుంది. అన్యాయం అక్కడా ఉంది. కానీ లెక్క తీశారు, అచ్చువేశారు.

మేం అడిగేదీ అలాంటివే. రోగి ఇంటివాళ్లకు అప్పీలు హక్కు తిరిగివ్వండి. జిల్లాలోనే ఫిర్యాదు తీసుకోండి. అరెస్టుకు ముందు డాక్టరు విషయంలో ఆలోచించినంత, పంక్చర్లు వేసే పిల్లవాడి విషయంలోనూ ఆలోచించండి. ఎవరి మీద ఎన్ని కేసులు పెట్టారో, ఎన్ని నిలిచాయో లెక్క చెప్పండి. మాకు ప్రత్యేక చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టమే అందరికీ ఒకే తీరుగా చదివితే చాలు.

ఖాలా కొడుకులకు బెయిలు దొరికింది. కేసుషీటు కోసం నోటీసు పంపాం. ఆమె కౌన్సిల్‌కు పెట్టే ఫిర్యాదును తెలుగులోనే రాశాం. ఫిర్యాది అని ఉన్నచోట ఆమె వేలిముద్ర వేసింది.